ఆమెను గ్రూపులో చేర్చింది నేనే

అడ్మిన్‌గా నేను చేసిన మొదటి పని ఆమెను ఆమోదించేవాళ్ల గ్రూపులో చేర్చడం. హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది, కింద పెద్దసారు ఓకే ఉంది. నేను ఆమె పేరు వెతికి, పక్కన టిక్ పెట్టి, సేవ్ నొక్కాను. అబద్ధమెందుకు, నొక్కుతుంటే కడుపు మండిపోయింది. ఆ ఆమోదించే కుర్చీ కావాలని మేమిద్దరం అర్జీ పెట్టాం. వాళ్లు కుర్చీ ఆమెకిచ్చి తాళంచెవులు నాకిచ్చారు. "నువ్వు నమ్మకమైన మనిషివమ్మా, అందుకే అడ్మిన్ పని నీకిచ్చాం" అని పెద్దసారు ఫోన్లో పొగిడాడు కూడా. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా కంపెనీ పల్లికాయ వొలిచే మిషన్లు చేస్తుంది. ఫ్యాక్టరీ గద్వాలలో ఉంది, ఆఫీసు వనపర్తిలో ఉంది, రిపేర్లు చేసే షెడ్డు నాగర్‌కర్నూల్లో ఉంది. పెద్దవాళ్లు మాత్రం హైదరాబాద్‌లో ఉంటారు. ఒకప్పుడు డ్రాయింగులన్నీ చుట్టచుట్టి గోనెసంచిలో పెట్టి బస్సులో పంపేవాళ్లట. ఇప్పుడు దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. మిషన్ కాగితం మీద పుట్టినప్పటి నుంచి తుక్కులోకి పోయేదాకా దాని ప్రతి బోల్టు బొమ్మ, కొలత, మధ్యలో చేసిన మార్పు అన్నీ అందులోనే ఉంటాయి. లోపలికి ఎవరు రావచ్చు, వచ్చి ఏం ముట్టుకోవచ్చు అన్నది గ్రూపులను బట్టి ఉంటుంది. చూసేవాళ్ల గ్రూపులో ఉంటే చూడొచ్చు, అంతే. గీసేవాళ్లు గీయొచ్చు. ఆమోదించేవాళ్లు సరే అన్నాకే ఆ డ్రాయింగు ఫ్యాక్టరీలోకి పోయి ఇనుమవుతుంది. ఆమోదించినవాళ్ల పేరు డ్రాయింగు కింద మూలన అచ్చవుతుంది. ఆ మూల మీదే నా కన్ను.

దీనికి రెండు గట్టి రూల్స్ ఉన్నాయి. తాను గీసినదాన్ని తానే ఆమోదించకూడదు, రెండో మనిషి కన్ను పడాలి. ఇంకొకటి నాకోసమే పెట్టినట్టుంటుంది. అడ్మిన్ ఎవరినైనా ఏ గ్రూపులోనైనా చేర్చొచ్చు కాని తనను తాను చేర్చుకోకూడదు. తీసేసుకోవడానికి మాత్రం అడ్డులేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారు కదా, ఆ పూజారిని నేనే. కాకపోతే ఈ గుడిలో పూజారికి ప్రసాదం పెట్టరు.

ఆమె ఎవరో చెప్పాలి. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు మేమిద్దరం ఒకే బెంచీ. ఆమెది ధరూర్ వైపు ఊరు. నాన్న పత్తి చేలల్లో కూలికి పోయేవాడు, ఆ పని లేనప్పుడు పుణే వైపు కట్టడాల పనికి పోయేవాడు. నేను ఆమె కంటే బాగా గీసేదాన్ని. ఇది కుళ్లుతో అంటున్న మాట కాదు, మార్కులు అట్లాగే ఉండేవి. కానీ లెక్చరర్ షీట్లు పైకెత్తి క్లాసుకు చూపించాల్సి వస్తే ఆమెదే ఎత్తేవాడు. ఆమె షీటు మీద ఎక్కడా రబ్బరు పెట్టిన మచ్చ ఉండేది కాదు. నేను తొందర మనిషిని, చెరిపి చెరిపి కాగితం నున్నగా చేసేదాన్ని.

షీటు సంగతి అంతటితో పోయింది. బావ సంగతే ఇంకా పోలేదు.

మా మేనత్తది పాన్‌గల్. నేను పుట్టినప్పటి నుంచి ఆమె నన్ను "కోడలా" అనే పిలిచింది. మేనకోడల్ని ఎవరైనా అట్లాగే పిలుస్తారని పెద్దయ్యాక తెలిసింది, కానీ అప్పటికే ఆ ఇంట్లో ఏ గూట్లో అగ్గిపెట్టె ఉంటుందో నాకు కంఠతా వచ్చు. బావ నాకంటే నాలుగేళ్లు పెద్ద. అతని మీద ప్రేమ ఉండేదా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ ఇంట్లో నా చోటు మీద మాత్రం ప్రేమ ఉండేది. ఒకరోజు మేనత్త వేయించిన పల్లీల సంచి నాకిమ్మని బావను హాస్టల్‌కు పంపింది. నేను స్నానానికి పోయాను. సంచి ఆమె అందుకుంది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఇద్దరూ గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నారు. ఆ పల్లీలు ఆమె గదంతా పంచిపెట్టింది, నాకూ ఒక పిడికెడు ఇచ్చింది. నా పల్లీలు నాకే పెట్టింది!

వాళ్లిద్దరి పెళ్లి పాన్‌గల్‌లోనే జరిగింది. మేనత్త కొంచెం గొణిగింది, బావ మొండికేశాడు, మా నాన్న "పోనీలే, పిల్ల మంచిదే" అన్నాడు. ఆ మాట అన్నందుకు నాన్నతో చాలా రోజులు మాట్లాడలేదు. పెళ్లిలో బంతులకు వడ్డించింది నేనే. పప్పు బక్కెట్ మోసి మోసి చెయ్యి వాచింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేదే మనమైతే ఏ బంతిలో కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. మరునాటి నుంచి ఆమె నాకు వరసకు అక్క అయింది. బెంచీలో "ఏమే" అన్న మనిషిని "అక్కా" అనాలి. ఆమె ఏ కష్టమూ లేకుండా "చెల్లె" అనేసింది.

తర్వాత ఇద్దరికీ ఒకే కంపెనీలో పని దొరికింది. ఆమెది గద్వాల ఫ్యాక్టరీలో, నాది వనపర్తి ఆఫీసులో. నాకు పెళ్లయింది. మా ఆయన తెలకపల్లి మనిషి, వనపర్తిలో మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. పెళ్లయినా నేను ఇంటిపేరు మార్చుకోలేదు. ఎవరైనా అడిగితే ఆధార్ సెంటర్‌లో నిలబడే ఓపిక లేదని చెప్తాను. మార్చుకుంటే ఒక్క ఇంటిపేరుకే మార్చుకునేదాన్ని, అది వేరేవాళ్లు తీసుకున్నారు.

నాకు తాళంచెవులు వచ్చిన కొన్నాళ్లకు హైదరాబాద్ వాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. మూడు ఊళ్లలో ఉన్న ప్రతి ఖాతా వెనక మనిషి నిజంగా ఉన్నాడా, ఆ మనిషికి ఆ పర్మిషన్ అవసరమా అన్నది ముఖం చూసి తేల్చాలి. అంతవరకు ఈ తనిఖీని హైదరాబాద్‌లోనే ఎవరో కూర్చున్నచోటే చేసి "ఉన్నారు, ఉన్నారు" అని టిక్కులు పెట్టేవాళ్లు. వీడియో కాల్ చాలన్నారు కాని నేనే పోతానన్నాను.

ముందు నాగర్‌కర్నూల్ షెడ్డుకు పోయాను. అక్కడ ఒక ఫిట్టరు ఖాతా రోజూ తెరుచుకుంటోంది. ఏడని అడిగితే మూలన కూర్చున్న మనిషి లేచాడు.

"మా బావ మేడం. సూరత్ దిక్కు పనికి పోయిండు."

"పోయి ఎన్నాళ్లయింది?"

"పోయిన బతుకమ్మకు ముందే పోయిండు."

"మరి రోజూ లాగిన్ అయ్యేదెవరు?"

"నేనే. ఆయన సీటు ఎవరన్న తీసుకుంటరని జర ఆపి పెట్టిన. మళ్ల వస్తడు గదా, యాడికి పోతడు?"

మన బస్టాండుల్లో కిటికీలోంచి టవల్ వేసి సీటు ఆపుతారు చూడండి, ఇదీ అంతే. బావ పాస్‌వర్డుతో బావమరిది టవల్ వేశాడు. చేసింది తప్పని అతనికి ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఇంట్లోళ్లే గద మేడం" అన్నాడు. నేను ఆ ఖాతా మూసేసి, అతనికి సొంతది తెరిచాను. అతను మొహం మాడ్చుకున్నాడు, బావకు ఏం చెప్పాలో తెల్వక.

గద్వాల వంతు రాకముందే, వనపర్తి ఆఫీసులో కూర్చుని అక్కడి ఖాతాలు ఒక్కొక్కటే చూస్తున్నాను. గీసేవాళ్ల గ్రూపులో ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఆమె పేరే, ధరూర్ పుట్టింటి ఇంటిపేరుతో. ఆమోదించేవాళ్ల గ్రూపులో నేను టిక్ పెట్టిన పేరు కూడా ఆమెదే, పాన్‌గల్ అత్తింటి ఇంటిపేరుతో. పనిలో చేరినప్పుడు సర్టిఫికెట్ల మీది పాత పేరే ఇచ్చింది, తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మారింది, హైదరాబాద్‌లో ఎవరో కొత్త పేరుతో కొత్త ఖాతా తెరిచారు, పాతదాన్ని మూయడం మరిచారు. మన ఆడవాళ్లకు ఇది మామూలే. రేషన్ కార్డులో ఒక ఇంటిపేరు, బ్యాంకులో ఒక ఇంటిపేరు ఉంటుంది, రెండిటికీ ముడివేయడానికి ఎవరో ఒకరు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. కానీ ఇక్కడ ఆ రెండు పేర్లూ రెండు వేర్వేరు గ్రూపుల్లో కూర్చున్నాయి. ధరూర్ పేరు గీసింది, పాన్‌గల్ పేరు సరే అంది. సాఫ్ట్‌వేర్‌కు అవి ఇద్దరు మనుషులు. హైదరాబాద్ వాళ్లకు కూడా ఇద్దరే. ఒక్కరే అని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పెళ్లిలో నేను వడ్డించాను.

ఎంత సంతోషం వేసిందో చెప్తే మీరు నన్ను మంచిదాన్ననుకోరు. అనుకోకపోతే పోనీయండి. కుర్చీలో వెనక్కి వాలి, టీ తెప్పించుకుని, ఆ రెండు పేర్లనూ మళ్లీ మళ్లీ చూశాను. నేను చాడీ చెప్పక్కర్లేదు, పుల్ల పెట్టక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా ఉద్యోగం. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, నా కుళ్లు చేయాలనుకున్న పని నా డ్యూటీనే చేసి పెడుతోంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అతను మోటారు తీగ చుడుతూ తల ఎత్తకుండానే అన్నాడు.

"అయితే రేపు గద్వాల పోతున్నవన్నట్టు."

"పోవాలె గదా. ముఖం చూసి తేల్చాలె."

"ముఖం ఫోన్ల కూడ కనపడ్తది. నువ్వు జూడాలనుకునేది గా ముఖం ఎట్ల మాడ్తదోనని."

"అవును, చూడాలె. అయితే ఏంది?"

"ఏం లేదు. మంచి చీర కట్టుకొని పో."

కట్టుకునే పోయాను. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి దాటి, ఎర్రవల్లిలో బస్సు మారి గద్వాల చేరేదాకా ఆమెను ఏమని అడగాలో లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ముందు మెత్తగా అడుగుతాను. ఆమె తడబడుతుంది. కళ్లల్లో నీళ్లు పెట్టుకుని "మీ బావకు తెలిస్తే ఎట్ల చెల్లె" అంటుంది. అప్పుడు నేను రూల్స్ చెప్తాను. కృష్ణలో నీళ్లు ఎన్ని ఉన్నాయో కూడా ఆ రోజు చూడలేదు.

ఫ్యాక్టరీలో ఒక పక్క గ్రైండర్ల మోత, ఒక పక్క పెయింటు వాసన. ఆమె కూర్చునే గదిలో డ్రాయింగు కంప్యూటర్‌కు ఇనుప పొడి పడకుండా పాత దుప్పటి కప్పి ఉంది. ఆమె ఖాకీ రంగు కోటు వేసుకుని, జడ పైకి చుట్టుకుని, ఎవరికో కొలత చెప్తోంది. నన్ను చూసి మనస్ఫూర్తిగా నవ్వింది. ఆ నవ్వంటేనే నాకు పడదు. దానిలో కల్తీ ఉండదు.

"ఏం చెల్లె, ఫోనన్న చెయ్యలే. కూసో."

కూర్చుని నా ల్యాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాను. "ఈ రెండు ఐడీలు నీయేనా?"

"నాయే. గట్ల అడుగుతున్నవేంది, నీకు తెల్వదా?"

"తెలుసు. నీ నోటితోని చెప్పాలంట."

"నాయే. ఈ లోపటి కంప్యూటర్ల పాత పేరే ఉంటది, దాంట్ల గీస్త. కొత్త పేరు నా ల్యాప్‌టాప్‌ల ఉంటది, దాంట్ల ఆమోదం పెడ్త."

"నువ్వు గీసింది నువ్వే ఆమోదం పెట్టొద్దు గదా అక్కా."

"మేస్త్రికి కాగితం తీసి చూపిస్త. ఆయన సరే అన్నంకనే నొక్కుత."

"మేస్త్రి గ్రూపుల లేడు."

ఆమె తెర మీద ఉన్న రెండు పేర్లనూ చూసింది. ఆ క్షణం దాకా ఆమెకు నిజంగానే తట్టలేదని నాకు తెలిసిపోయింది. అది కూడా నాకు నచ్చలేదు. దొంగతనంగా చేసి ఉంటే ఎంత బాగుండేది!

"లేడు" అంది. కాసేపటికి మళ్లీ, "అయితే ఇది తప్పే గదా చెల్లె. రెండో మనిషి చూసినట్టు ఉంది గని, ఎవ్వరు చూడలే."

"తప్పే."

"రాయి మరి. ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు పర్మిషన్ పోతదా?"

"పోతది."

తల ఊపింది. బతిమాలలేదు, బావ మాట ఎత్తలేదు. బస్సులో నేను కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. తర్వాత ఆమె బ్యాగు తెరిచి డబ్బా తీసింది. "అత్తమ్మ వారం కింద వచ్చి మా కాన్నే ఉన్నది. నువ్వు ఎప్పుడొచ్చిన పెట్టమని పల్లిపొడి చేసింది. తిను."

సజ్జరొట్టె, పల్లిపొడి. పొడిలో ఎల్లిపాయ కొంచెం ఎక్కువ వేయడం మా మేనత్త చెయ్యి. చిన్నప్పుడు నేను రోట్లో చెయ్యి పెడితే కొట్టి, మళ్లీ పెట్టేది. ఇది ఆమె రోజూ తింటోంది. మధ్యాహ్నం డబ్బాలో ఇంత మామూలుగా పెట్టుకుని వచ్చి తింటోంది! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందన్నాను.

సాయంత్రం వనపర్తి వచ్చి రాసేశాను, ఒక్క మాట ఎక్కువ లేకుండా, ఒక్క మాట తక్కువ లేకుండా. మరుసటి రోజే హైదరాబాద్ నుంచి ఆదేశం వచ్చింది. ఆమెను ఆమోదించేవాళ్ల గ్రూపు నుంచి తీసేయాలి, ఆమె గీసి ఆమె ఆమోదించిన డ్రాయింగులన్నీ ఆపేయాలి. టిక్ పెట్టిన చేత్తోనే టిక్ తీశాను. ఇంత హాయి ఎన్నడూ ఎరగను. ఆ పూట అన్నం మారు వడ్డించుకుని తిన్నాను.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. పెద్దసారు ఫోన్ చేశాడు. సీజన్ దగ్గర పడుతోంది, మిషన్లు ఆగిపోయాయి, ఆ డ్రాయింగులను ఎవరైనా మళ్లీ మొదటి నుంచి చూడాలి. "నువ్వు డిప్లొమా మెకానికల్ కదమ్మా? నువ్వే చూడు. ఇవి అయ్యేదాకా నిన్ను ఆ గ్రూపులో పెట్టమని ఇక్కడి వాళ్లకు చెప్తాను" అన్నాడు. నన్ను నేను చేర్చుకోలేను కాబట్టి హైదరాబాద్‌లో ఎవరో చేర్చారు. తెర తెరిచి చూస్తే ఆమోదించేవాళ్ల గ్రూపులో గద్వాల మిషన్ల కింద ఒకే ఒక్క పేరుంది. నాది. ఫోన్‌తో ఫొటో తీసి మా ఆయనకు పంపాను.

సాయంత్రం అతను "ఫ్రేము కట్టియ్యాల్నా? దండ కూడ తేవాల్నా?" అన్నాడు. దండ వేసేది ఎవరి ఫొటోకో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. నేను పట్టించుకోలేదు. ఆ రోజు నన్ను ఏమన్నా నాకు తగలదు.

డ్రాయింగులు చూడ్డం మొదలుపెట్టాను. ధర్మంగా చూశానని చెప్పను. తప్పు దొరకాలని చూశాను. కొత్త కోడలి వంటలో ఉప్పు వెతికే అత్తలాగా ప్రతి కొలతనూ కూడి కూడి చూశాను. తొట్టి సరిగ్గా ఉంది. డ్రమ్ము సరిగ్గా ఉంది. జల్లెడ రంధ్రాలు మన పల్లికాయ సైజుకు తగ్గట్టు ఎంత పొందిగ్గా ఉన్నాయంటే, చూస్తూ చూస్తూ నేనే మెచ్చుకుని, మెచ్చుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పాలిటెక్నిక్ షీట్ల లాగానే ఎక్కడా మచ్చ లేదు. ఒక్కొక్కటి ఆమోదిస్తుంటే పళ్లు పీకించుకుంటున్నట్టుంది. ఆమె ఇంత బాగా గీస్తుందని హైదరాబాద్ వాళ్లకు తెలియడం ఒక ఎత్తు, నేను సంతకం పెట్టి ఒప్పుకోవడం ఒక ఎత్తు.

బెల్టు మూత దగ్గర ఆగాను. మోటారు నుంచి డ్రమ్ముకు తిరిగే బెల్టు మీద రేకు మూత ఉంటుంది. రిపేరుకు విప్పడం సులువు కావాలని ఆమె దాన్ని కింద వైపు పొట్టిగా చేసింది. లెక్కకు తప్పేమీ లేదు. కానీ మిషన్ దగ్గర పల్లికాయ పోసేది ఆడవాళ్లు. తట్ట నెత్తి మీంచి దించి తొట్టిలో పోసేటప్పుడు బెల్టు వైపే నిలబడతారు, ఎందుకంటే పొట్టు గాలి అటు రాదు. వంగితే కొంగు జారుతుంది. పొట్టి మూత కింద సందు సరిగ్గా ఆ కొంగు ఎత్తులోనే ఉంది. ఒకసారి షెడ్డులో మిషన్ ఆడిస్తుంటే నా చున్నీ కొస బెల్టు గాలికి అటే లేచింది. పక్కనున్న మనిషి వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ సందు చూడగానే ఆ చున్నీయే గుర్తొచ్చి భయమేసింది.

తర్వాత సంతోషం వేసింది. ఏం దాచుకోను? ముందు భయమేసింది, వెంటనే సంతోషం వేసింది. "మూత పూర్తిగా కిందిదాకా ఉండాలి, కొంగు పడే సందు ఉంది" అని రాసి వెనక్కి పంపాను. ఆమె డ్రాయింగు మీద ఎర్రగా గుర్తు పడింది, జీవితంలో మొదటిసారి, నా చేత్తో.

అరగంటలో ఫోన్ వచ్చింది.

"చెల్లె, నేను ఫ్యాక్టరీల కోటేసుకుంట, చున్నీ లోపటికి దోపుకుంట. నాకు కొంగు ముచ్చటే తట్టలే. ఎవలన్న పోతుండె చెల్లె."

"అందుకే గదా రెండో మనిషి చూడాల్నని పెట్టింది."

"అవును. మీ బావకు కూడ చెప్పిన. నీ కండ్లకే దొరికిందని చెప్పిన."

"మీ బావ" అంటుంది ఎప్పుడూ, నాకు ఇచ్చేస్తున్నట్టు.

సీజన్ ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఆ మూతతో చేసిన మిషన్లు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉన్నాయి. అన్నిటికీ మూతలు మార్చారు. ఆమె అంతటితో ఊరుకోలేదు. పెద్దసారుకు మెయిల్ రాసింది, నాకూ ఒక కాపీ పెట్టింది. తన డ్రాయింగులు ఇకముందు కూడా నేనే చూడాలని, నన్ను ఆ గ్రూపులో ఉంచేయాలని, తాను గీసేవాళ్లలో ఉంటే చాలని. నేను ఆ మెయిల్ చదివి చాలాసేపు కోపంతో కూర్చున్నాను. చెయ్యి తిరిగిన గీత ఆమెకే, బావ ఆమెకే, మేనత్త పల్లిపొడి ఆమెకే, ఇప్పుడు దొడ్డ మనసు కూడా ఆమెకేనా? ఒక్కటన్నా నాకు మిగల్చొద్దా?

కోపం కోపమే, ఆశ ఆశే. పెద్దసారు ఏమంటాడోనని ఫోన్ పక్కనే పెట్టుకుని తిరిగాను. అతను రెండో రోజు చేశాడు.

"బాగా పట్టావమ్మా. కాని తాళాలున్న మనిషి ఆ గ్రూపులో శాశ్వతంగా ఉండకూడదు, రూలు."

"తాళాలు తీసేసుకోండి సార్. నాకు కుర్చీయే కావాలి."

అర్జీలో రాయడం కాదు, నోరు విడిచి అడగడం అదే మొదటిసారి.

"అట్లా ఎట్లా కుదురుతుంది? ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివని ఇక్కడ ఇంతమందిలో ఎవరికన్నా తెలిసిందా? ఆ ఊళ్లలో ఎవరి ఇంటిపేరు ఏంటో, ఎవరి బావ ఎవరో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందమ్మా? తాళాలు నీ దగ్గరే ఉండాలి."

సరే సార్ అన్నాను. పప్పు బక్కెట్ మోసిన చెయ్యి మళ్లీ వాచినట్టయింది.

గద్వాలలో గీయడానికి కొత్త మనిషిని తీసుకున్నారు. తప్పు మూయకుండా వదిలిన పాత ఖాతాదని తేల్చి, కుర్చీ మళ్లీ ఆమెకే ఇచ్చారు. ఆమె ఇక గీయదు, ఆమోదించడమే. నాకు చివరి మెయిల్ వచ్చింది. అందులో మూడు పనులున్నాయి. ఆమె పాత ఖాతా మూయాలి, కొత్త ఖాతాను ఆమోదించేవాళ్లలో తిరిగి చేర్చాలి, తాత్కాలికంగా ఇచ్చిన నా పర్మిషన్ తీసేయాలి.

పాతది మూసే ముందు ఆమెకు ఫోన్ చేశాను, పద్ధతి కాబట్టి. "మూస్తున్న అక్కా" అన్నాను. అవతల నుంచి వచ్చిన గొంతు నేనెన్నడూ వినని గొంతు.

"మా నాయిన ఇంటిపేరు దాంట్లనే ఉండె చెల్లె. ఇంక యాడ లేదు."

"పాత డ్రాయింగుల మీద అచ్చయింది అట్లనే ఉంటది. దాన్నెవ్వరు తియ్యరు."

"ఉంటది గదా? మూసెయ్ మరి."

జాలిపడాల్సిన చోటు. పడ్డాను కూడా, కొంచెం. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది: పోగొట్టుకోవడానికి కూడా ఆమెకు రెండు ఇంటిపేర్లున్నాయి.

మూశాను. తర్వాత పాన్‌గల్ ఇంటిపేరు వెతికి, పక్కన టిక్ పెట్టి, సేవ్ నొక్కాను. అప్పుడు ఆ గ్రూపులో రెండు పేర్లయ్యాయి. ఆమెది పైన, నాది కింద. మూడో పని ఉంది కాని టీ తెప్పించుకున్నాను. తాగాను. ఫోన్లు రెండు వస్తే మాట్లాడాను. ఎవరో పాస్‌వర్డు మరిచిపోతే మార్చి ఇచ్చాను. ఆ రెండు పేర్లూ తెర మీద అట్లాగే ఉన్నాయి. ఒక విస్తరిలో కాకపోయినా, ఒక బంతిలో. ఆఫీసు మూసే వేళ అయింది.

నా పేరు పక్కన టిక్ తీశాను. నిజంగానే తీసేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఎవరికి టిక్ తీసినా అడుగుతుంది. అవునని నొక్కాను.

ఇప్పుడు గద్వాలలో మిషన్ల డ్రాయింగు ఏది తయారైనా కింద మూలన ఆమె పేరు పడుతుంది, మా మేనత్త ఇంటిపేరుతో. నేను చూసేవాళ్ల గ్రూపులో ఉన్నాను. ముట్టుకోలేను, చూడొచ్చు. పొద్దున ఆఫీసుకు రాగానే ముందు అదే తెరుస్తాను, బెల్టు మూత కిందిదాకా ఉందా లేదా అని, ఆమె ఎక్కడన్నా తప్పు చేసిందేమోనని.

ఇంతవరకు చేయలేదు.